హిర్పుల్ అంటే ఏ నడక

సంతలో మళ్లీ ఆ మాట పడి వచ్చాడు ఫిన్లే. "లామిటర్." స్కాట్లండ్‌లో కుంటివాణ్ని ఒకప్పుడు అలాగే పిలిచేవారు. ఈసారి అన్నది సంత జనం కాదు, తోటి శిష్యుడు నినియన్. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఎడమకాలు ఈడ్చుకుంటూ కొండమీది మఠానికి చేరాడు. అక్కడ గురువు గిల్బర్ట్ ఏళ్ల తరబడి తమ జనం మాటలకు నిఘంటువు రాస్తున్నాడు. కుంటితనం మాటలన్నీ అందులోంచి తీసేయమని పట్టుబట్టాడు ఫిన్లే. మనిషికి పడే మొదటి సంకెల మాటే అన్నాడు. నవ్వేవాడి చేతికి పుస్తకం ఆయుధం అందించకూడదన్నాడు. తీసేయకపోతే ఈ పూటే మఠం విడిచిపోతానన్నాడు.

గురువు వాదించలేదు. రాసిన అక్షరాలు గీకేసే చిన్న కత్తి అతని చేతిలో పెట్టి, ఆ పుట తెరిచాడు.

ఫిన్లే వంగి చూశాడు. హిర్పుల్: కుంటడం. హిల్చ్: కుంటడం. హోఖిల్: కుంటడం.

కత్తి ఆగిపోయింది.

"మూడూ ఒకటేనా? ఎన్నడైనా చూసి రాశారా?"

"చూశాను," అన్నాడు గిల్బర్ట్. "నడవలేదు."

ఆయన లేచి తన కుర్చీ ఫిన్లే వైపు జరిపాడు. అందులో ఇంతవరకూ మరొకరు కూర్చోలేదు. కలం అందించి, తను వెళ్లి గది మధ్యలో నిలబడ్డాడు.

"చెప్పు, నాయనా. హిర్పుల్ ఎలా?"

ఫిన్లే కత్తి బల్లమీద పెట్టి కూర్చున్నాడు. నొప్పికాలు నేలకు ఆనీ ఆనకుండానే ఎత్తెయ్యాలన్నాడు. గురువు ఎత్తాడు. హిల్చ్‌కి ఒళ్లంతా ఒక పక్కకు ఒరగాలన్నాడు. గురువు ఒరిగి బల్లకు గుద్దుకున్నాడు. హోఖిల్‌కి పాదాలు ఈడ్చాలని చెబితే, గురువు ఎత్తెత్తి వేశాడు.

"అది కొంగ నడక, గురువుగారూ."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఫిన్లే ఒక్కో అర్థం కొట్టేసి, కొత్తది రాస్తూ పోయాడు. ఆ పుటలో చోటు చాలలేదు.

అప్పుడే తలుపు తోసుకుని నినియన్ వచ్చాడు, వెనకాల మరికొందరు. గురువు కుర్చీలో ఫిన్లే. గురువేమో చెమటలు కక్కుతూ, గది మధ్యలో కుంటుతూ.

కాలికి ఏమైందని నినియన్ అడగబోయాడు.

గిల్బర్ట్ నడక ఆపలేదు.

"మాట్లాడకు. గురువుగారు పాఠం చెబుతున్నారు."

నినియన్ నేలమీద కూర్చున్నాడు.