రెక్క లోపలి రంగు

భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున, తన లేత్ వర్క్‌షాపు వెనక షెడ్డులో పైడిరాజు విమానం కడుతున్నాడు. బొమ్మ కాదు, ఇద్దరు కూర్చుని ఎగిరే నిజం విమానమే. మూడేళ్లుగా అల్యూమినియం రేకు కోసి, వంచి, రివెట్లు కొట్టి రెండు రెక్కలూ ఒక కొలిక్కి తెచ్చాడు. ఊళ్లోవాళ్లు చూడ్డానికి వస్తే మనిషి కాళ్లు నేల మీద నిలిచేవి కావు. నిలవకపోతే తప్పేముంది, అంతటి పని ఎవరు చేశారు గనక?

పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. వైమానిక దళంలో ముప్పయ్యేళ్లు విమానాల రేకు పని చేసి రిటైరైన పెద్దమనిషి. పరీక్షలన్నీ అయ్యాక పక్క సీట్లో మొదట ఉస్తాద్‌నే ఎక్కించుకోవాలని పైడిరాజు కోరిక. ఎన్నిసార్లు అడిగినా ఆయన "చూద్దాంలే" అంటాడు తప్ప సరే అనడు.

పై రేకు బిగించి రెక్కలు మూసే సమయం వచ్చింది. మూసేస్తే మళ్లీ లోపలికి చెయ్యి పోదు. ఆ లోపలికి తుప్పు పట్టకుండా ప్రైమర్ పూత కొట్టాలా వద్దా అన్నది తేలడం లేదు.

"కొడితే ఆరు కేజీల బరువు, రెండు నెలల పని ఉస్తాద్. రేకు చూస్తే మేలు రకం. పైన ఎలాగూ రంగేస్తాం. లోపల ఎవరు చూడొచ్చారు?"

ఉస్తాద్ చెత్తలోంచి అదే రకం రేకు ముక్క ఒకటి ఏరి, గుడ్డతో తుడిచాడు. పైడిరాజు కుడిచెయ్యి పట్టుకుని, చెమట చెమటగానే దాని మీద అదిమాడు. ముక్కని తీసుకెళ్లి సముద్రం వైపు కిటికీలో పెట్టాడు.

"వానలయ్యాక చూద్దాం," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పైడిరాజుకి ఒళ్లు మండింది. అడిగినదానికి అవునో కాదో చెప్పొచ్చు కదా ఈయన? పది రోజులు ఓపిక పట్టి, పదకొండో రోజు ఎడమ రెక్క మూసేశాడు. ఆరువందల రివెట్లు, ఒక్కటంటే ఒక్కటి వంకర లేదు. ఉస్తాద్ వచ్చి ఆ వరస పొడుగునా వేలితో తడిమి చూశాడు.

"చక్కగా కొట్టావు," అన్నాడు.

ఆ మాటకి పైడిరాజు ఛాతీ జానెడు పెరిగింది. "మరి ఎక్కుతారా?"

"చూద్దాంలే."

దసరా వెళ్లాక ఉస్తాద్ కిటికీలోంచి రేకు దింపి అతని చేతికిచ్చాడు. మెరుపు కాస్త తగ్గింది, అంతే. మధ్యలో మాత్రం అయిదు వేళ్ల గుర్తులూ తెల్లగా పొక్కి ఉన్నాయి. పైడిరాజు గుడ్డతో రుద్దాడు, పోలేదు. కిరసనాయిలుతో రుద్దాడు. తెలుపు పోయి, వేళ్లు పడిన చోట సన్నటి గుంటలు మిగిలాయి.

"ఇది ఒక్కసారి పెట్టిన చెయ్యి," అన్నాడు ఉస్తాద్.

పైడిరాజు ఎడమ రెక్క వైపు చూశాడు. దాని లోపల తన చెయ్యి పడని బెత్తెడు చోటు లేదు. ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ తనే గొప్పగా చెప్పుకున్నాడు. తలచుకుంటే సిగ్గేసింది.

డ్రిల్లు తీశాడు. మూసిన రెక్కకి మొదటి రివెట్ తల తొలిచాడు. తర్వాత రెండోది. ఉస్తాద్ స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

సాయంత్రానికి రెండు వందలు ఊడాయి. డ్రిల్లు జారి ఒక్క కన్నం కూడా పెద్దది కాలేదు. చేతులు బొబ్బలెక్కినా పైడిరాజు తలెత్తలేదు, ఎక్కుతారా అని అడగనూ లేదు.

ఉస్తాద్ ఆ కన్నాల వరస కేసి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పైకెళితే నాకు చెవులు పోటు, రాజూ," అన్నాడు. "ఎగిరే రోజున కాస్త దూది దగ్గరుంచు."