భుజం మార్చుకున్న రాతిమనిషి

"తలుపులేసుకోండర్రా! ధూమకేశుడొస్తున్నాడు!" అని వీధి చివర నుంచి ఒకటే కేక.

ఎవడీ ధూమకేశుడంటారా? చెబుతా వినండి. వెనకటికి మణిగిరి అని ఓ రాజ్యం. దాని రాజుకి ఇద్దరు కొడుకులు, ఒక్కతే కూతురు, పద్మసాని. ఈ ధూమకేశుడు మాంత్రికుడు. పోయినేడు ఏడు సముద్రాల అవతలి యవన దేశం నుంచి ఓ రాతిబొమ్మ తెచ్చి, రాజుగారి తోటలో అలంకారానికి పెట్టించాడు. అట్లాసట దాని పేరు! వంగిన నడుము, భుజాల మీద ఏనుగు తలంత గుండు. ఆ గుండే ఆకాశమట!

ఇప్పుడొచ్చి రాజుతో, "బొమ్మకు బదులు పిల్లనివ్వు. మిట్టమధ్యాహ్నంలోగా ఇవ్వకపోతే ఊరివాళ్లందర్నీ రాళ్లు చేసేస్తా!" అన్నాడు.

రాజు గడగడా వణికాడు. పద్మసాని మాత్రం వాడి మొహం మీదే, "నేను రాను. ఏం చేసుకుంటావో చేసుకో" అనేసి తోటలోకి నడిచింది.

బొమ్మ మోచేతి మీద ఓ ఉడుత ఉంది. "అమ్మాయీ, వాడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలక ఈ గుండులో ఉంది. రెక్కలు కొట్టుకుంటుంటే నేను రోజూ వింటున్నా" అంది.

వెనకే వచ్చిన అన్నలు అది విన్నారు. పెద్దన్న గుండుని కత్తితో కొట్టాడు, కత్తి విరిగింది. చిన్నన్న ఏనుగుల్ని కట్టి లాగించాడు, గొలుసులు తెగాయి. లాగినకొద్దీ రాతిమనిషి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపండన్నయ్యా! మోసేవాడి దగ్గర ఎవరైనా లాక్కుంటారా?" అంది పద్మసాని.

చిన్నప్పుడంతా పల్లకీ పక్కన బోయీలతో నడిచిన పిల్ల కదూ! ఒక బోయీ అలిసిపోతే ఇంకొకడొచ్చి, భుజాన గుడ్డ మడిచేసుకుని, "ఇటివ్వన్నా" అంటాడు. అలా అడిగితేనే బరువు వదులుతారు. రాజు ఆజ్ఞాపించినా వదలరు.

పద్మసాని పైట మడిచి భుజాన పెట్టుకుని, రాతిమనిషి పక్కన నిలబడింది. "చాలాకాలం మోశావు. ఇటివ్వన్నా!"

"నలిగి చస్తావే పిచ్చిదానా!" అని తోటలోకి పరిగెత్తుకొచ్చిన మాంత్రికుడు అరిచాడు.

"చస్తే ఇక్కడే చస్తా, నీ ఇంట్లో కాదు!"

రాతి మెడ కిరకిరలాడింది. రాతి కళ్లు ఆమె వైపు తిరిగాయి. గుండు మెల్లగా ఆమె భుజం మీదికి దొర్లింది. పద్మసాని మోకాళ్లు నేలను తాకాయి. "ఓహోం! ఓహోం!" అంటూ బోయీలు ఉరికొచ్చి భుజాలు ఆనించారు. అన్నలు కూడా సిగ్గుపడి ఆనించారు. అందరూ కలిసి ఎత్తి నేలకేసి కొడితే గుండు పగిలింది, చిలక తుర్రుమంది. "ఆగవే, నా ప్రాణమా!" అంటూ ధూమకేశుడు దాని వెనకాలే సముద్రం వైపు పరుగు. చిలక ఆగిందీ లేదు, వాడు తిరిగొచ్చిందీ లేదు.

పద్మసాని మనసైనవాణ్ణి పెళ్లాడడం, కలకాలం రాజ్యమేలడం, అదంతా తర్వాత. ముందు ఆ తోటలోనే విస్తళ్లు వేశారు. రాజు, కొడుకులు, బోయీలు, ఆఖరికి ఉడుత కూడా కూర్చుంది. రాతిమనిషి మాత్రం వంగే నిలబడ్డాడు. పాపం, కూర్చోవడం తెలీదు!

"మోకాళ్లు మడువన్నా" అంది పద్మసాని.

మడిచాడు. నేల అదిరింది. రాజు కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. రాతిచెయ్యి మొదటి ముద్ద ఎత్తాకే అందరూ అన్నం కలుపుకున్నారు.