గోడలో తిరగలి

అనగనగా ఒక రాళ్ళ ఊళ్ళో తిమ్మప్ప అని ఒక రాతిపనివాడు ఉండేవాడు. చుట్టుపక్కల ఏ ఇంట్లో రోలు చూసినా, తిరగలి చూసినా ఆయన ఉలి కిందనుంచి వచ్చిందే. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. పెద్ద కోడలు ఓబులమ్మ, చిన్న కోడలు సుంకులమ్మ. ఇది ఓబులమ్మ కథ. మీ నాయనమ్మ దీన్ని సుంకులమ్మ కథగా చెబుతుందట. చెప్పనీ. ఆవిడకి కథలూ రావు, సంగటీ రాదు. నువ్వు ఇటు తిరిగి పడుకుని విను.

ఓబులమ్మ పనికి వంక పెట్టేవాళ్ళు లేరు. మూల నిలబెట్టిన చీపురు కూడా నిటారుగా ఉండాలి ఆమెకి. కానీ ఒకటి మనసులో పెట్టుకుందంటే ఇక తియ్యదు.

అలా పెట్టుకున్నది ఒక ఎర్రరాయి. అత్తగారు పోయేముందు తన కెంపు ముక్కుపుడక చిన్న కోడలి చేతిలో పెట్టింది. కందిగింజంత ఉండదు ఆ కెంపు. అయినా సుంకులమ్మ ముక్కున అది తళుక్కుమన్నప్పుడల్లా ఓబులమ్మ కంట్లో నలుసు పడ్డట్టుండేది. ఆ నలుసే పెరిగి పెరిగి నడింట్లో మట్టిగోడ అయింది. ఇల్లు రెండిళ్ళు చేసుకున్నారు.

అప్పుడు చెంబులు పంచారు, చాపలు పంచారు, మేకలు పంచారు. చివరికి తిరగలి మిగిలింది. తిమ్మప్ప తన పెళ్ళికి నల్లరాతి బండ చీల్చి తనే చేసుకున్న తిరగలి అది. పెద్దమనుషులు, "చిన్నింట్లో ఉండనివ్వండి, ఇద్దరూ విసురుకోండి" అన్నారు.

"కెంపూ దానికే, తిరగలీ దానికేనా? పంపకమంటే పంపకమే. కింది రాయి నాకు, పై రాయి దానికి" అంది ఓబులమ్మ.

పెద్దమనుషులకి అన్నాల వేళ అయింది. సరే అని లేచిపోయారు.

ఆ తర్వాత తెలిసింది. పై రాయి లేని కింది రాయి కూర్చోవడానికి పనికొస్తుంది, అంతే.

తిమ్మప్పకి నోట్లో మిగిలింది ఒక్క పన్ను. మెత్తగా గెలికిన రాగి సంగటి తప్ప ఏదీ దిగదు. సంగటి కావాలంటే రాగిపిండి కావాలి, పిండి కావాలంటే తిరగలి కావాలి. పొరుగింటికి పోయి విసురుకోవచ్చు కదా అంటావేమో. ఓబులమ్మ పోదు. "మా మామ చేసిన తిరగళ్ళు ఊరంతా తిరుగుతుంటే, నేను రాగులు ఒళ్ళో పోసుకుని పరాయి గడప తొక్కాలా?" అంది. అవతలింట్లో సుంకులమ్మదీ అదే మాట. మామ ఒక నెల ఇక్కడ, ఒక నెల అక్కడ. రెండిళ్ళలోనూ గంజే. మనిషి బక్కచిక్కిపోయాడు. భుజాల ఎముకలు మేకుల్లా తేలాయి.

కొడుకులిద్దరూ దూరాన చెరువుకట్ట పనికి పోయి ఉన్నారు. నల్లరాయి చీల్చాలంటే ఇద్దరు మగాళ్ళు, రెండు సమ్మెటలు కావాలి. తిమ్మప్ప చేతులకి వణుకొచ్చి ఉలి దించేసి చాలా కాలమైంది. అప్పుడు ఓబులమ్మ, "నేనూ రాళ్ళు కొట్టే ఇంట పుట్టినదాన్నే" అని కొంగు బిగించింది. మామ ఉలి తీసుకుని, పై రాయికి బదులు రాయి వెతకబోయింది.

మొదట నాపరాయి తెచ్చింది. నాపరాయంటే మన వాకిట్లో పరిచామే, ఆ బండ. పుట్టడమే పలకలుగా పుడుతుంది. చదును చెయ్యక్కర్లేదు. గుండ్రంగా కొట్టి, నడిమధ్య కన్నం పెట్టి, రాగులు విసిరింది. కానీ నాపరాయి పొరలరాయి. తిప్పేకొద్దీ పొర మీద పొర లేచి పిండిలో రాలింది.

తిమ్మప్ప ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఇది తినాలా, వాకిట్లో పరవాలా అమ్మా?" అన్నాడు.

ఆ తర్వాత బలపంరాయి తెచ్చింది. పలక మీద రాసుకునే బలపం ఆ రాతిదే. గోటితో గీకితే గీత పడేంత మెత్తన, తడిమితే సబ్బులా నున్నన. ఉలి దానిలో వెన్నలో దిగినట్టు దిగింది. ఓబులమ్మ సంబరపడింది. కానీ మెత్తటి రాయి గింజని నలపలేదు, గింజే దాన్ని నలిపింది. ఎర్రటి రాగిపిండి తెల్లబడిపోయింది.

తిమ్మప్ప ముద్ద మింగాడు. "బాగుంది. రేపటినుంచి కడుపులో అక్షరాలు దిద్దుకుంటా" అన్నాడు.

గోడ అవతల సుంకులమ్మ పకపకా నవ్వింది. ఇద్దరికీ మాటల్లేవు కదా, అందుకని తన మేకతో చెప్పినట్టు చెప్పింది. "ఓసి మేకా, విన్నావా? కొందరి ఇళ్ళలో బడి పెట్టారట!"

ఓబులమ్మ ఊరుకుంటుందా? తన మేకతో అంది. "ఓసి మేకా, కొందరి ఇంట్లో పై రాయి ఉండీ, మొన్నటినుంచి ఉలి మోతే గాని పిండి రాలింది లేదు. అడుగుకి సున్నపురాయి పెట్టి పిండి బదులు సున్నం విసురుకున్నారట. ఇక తాంబూలమే!"

రెండు మేకలూ నెమరేసుకుంటూ విన్నాయి.

అప్పుడు ఓబులమ్మకి పంతం ఎక్కింది. మెత్తనిది కాదు, గట్టిది తెస్తానని పలుగురాయి తెచ్చింది. తెల్లగా, ఎండలో గాజులా మెరిసే రాయి. ఉలి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. గట్టిదే, కాదనను. కానీ పెళుసు. గట్టిదనం వేరు, పెళుసుదనం వేరు, ఇది గుర్తుపెట్టుకో. ఉలి అటు పెడితే అది ఇటు పగిలింది. ఎలాగో ఒక దిమ్మ నిలబెట్టి విసిరింది. పిండి నున్నగా, చక్కగా దిగింది. మూడుసార్లు జల్లించింది కూడా.

తిమ్మప్ప మొదటి ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్దలో టక్కుమంది. జల్లెడకి దొరకని పలుగురవ్వ ఒకటి ఆ ఒక్క పంటి కింద పడింది. ఉన్న పన్ను ఊడి అరచేతిలోకి వచ్చింది.

ఆయన కోప్పడలేదు. పన్ను కడిగి గూట్లో పెట్టాడు. కంచం కడుక్కుని వీధిలోకి నడిచాడు. రెండు గడపలకీ మధ్య అరుగు మీద కూర్చుని కంచం బోర్లించాడు. "రాళ్ళతో డెబ్బై ఏళ్ళు బతికాను. ఒక్కటీ నన్ను ఏడిపించలేదు" అన్నాడు. అంతే అన్నాడు.

వీధిలో వచ్చేపోయేవాళ్ళు బోర్లించిన కంచం చూశారు, రెండు గడపలూ చూశారు. ఇంటి పెద్ద కంచం బోర్లిస్తే ఆ ఇంటి కోడలికి ఇంకేం మిగులుతుంది? ఓబులమ్మ తలుపు వెనక నిలబడి ఆయన భుజాల ఎముకలు చూసింది. ఉలి పట్టిన చెయ్యి కిందికి జారింది.

రాయి తీసుకుని చిన్నింటికి పోతే తను తగ్గినట్టు. సుంకులమ్మే తన ఇంటికి వస్తే బాగుణ్ణు, కానీ అది రాదు. రాదని ఓబులమ్మకి తెలుసు, ఎందుకంటే తనైనా పోదు. అప్పుడు గోడ వంక చూసింది. గోడ వంక చూసి, ఉలి మళ్ళీ బిగించి పట్టుకుంది.

మట్టిగోడ ఎంతసేపు? మోకాలెత్తున కిటికీ అంత కన్నం పడింది. అవతల సుంకులమ్మ చేట పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఓబులమ్మ ఆమె ముఖం చూడలేదు. కింది రాయి దొర్లించుకొచ్చి, కన్నంలో కూర్చోబెట్టింది. జానలతో కొలిచింది. సగం ఈ ఇంట్లో, సగం ఆ ఇంట్లో. అప్పుడు తన మేకతో అంది. "ఓసి మేకా, పంపకం సరిగ్గా ఉందేమో చూసుకోమను."

అవతల చేట కింద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత రాయి ఈడ్చిన చప్పుడు. సుంకులమ్మ పై రాయి ఎత్తి తెచ్చి, కింది రాతి నడిమి మేకు మీదికి దించింది. దిగిన చప్పుడు ఇద్దరూ విన్నారు. గడ్డపెరుగు మీద మూత పెట్టినట్టు కూర్చుంది. ఒకే బండ చీల్చి చేసిన రాళ్ళు మరి. ఒకటే గరుకు, ఒకటే బరువు.

పిడి ఒకటే. ఇటునుంచి ఒక చెయ్యి, అటునుంచి ఒక చెయ్యి పడింది. తిరగలి తిరగాలంటే పాట ఉండాలి. పాట లేకపోతే ఒకరు లాగేటప్పుడు ఇంకొకరు తోస్తారు. రాయి తడబడింది. రెండోసారీ తడబడింది. అప్పుడు ఓబులమ్మ గొంతెత్తింది.

"కెంపు కెంపని మురిసేటిదానా,
దీపాన పెట్టి చూసినావా?"

సుంకులమ్మ వెంటనే అందుకుంది.

"దీపాన పెట్టి చూసితినక్కా,
నీ కంటి ఎరుపే కనబడెనక్కా!"

ఓబులమ్మకి మండింది. మండి ఇంకా గట్టిగా తిప్పింది. అయినా ఆ 'అక్కా' చెవిలో పడనే పడింది. గోడ లేచాక ఆ పిలుపు వినలేదు. పాటలో అన్నది మాటకింద లెక్క కాదులే అనుకుని, ఇంకో పాట ఎత్తుకుంది. పిండి రెండు వైపులా సమానంగా రాలింది.

మధ్యాహ్నానికి అరుగు మీద రెండు సంగటి ముద్దలు ఆవిర్లు కక్కుతున్నాయి. తిమ్మప్ప కంచం తిరగేశాడు. ఒకటి తిన్నాడు, రెండోదీ తిన్నాడు. వేలు నాక్కుని, "ఇది నల్లరాయి" అన్నాడు.

ఆ కెంపు ఓబులమ్మకి దక్కలేదు. ఆమె దాన్ని మరిచిపోనూ లేదు. తోడికోడళ్ళు ఆ తర్వాత కూడా మాట్లాడుకోలేదు. రోజూ కోడి కూయగానే గోడకి ఇటొకరు, అటొకరు కూర్చుని తిట్టుకుంటూ పాడుకునేవాళ్ళు. గోడ కన్నం మాత్రం ఎవరూ పూడ్చలేదు.

రాయి మీద రాయి తిరిగె,
రాగులన్నీ పిండి అయ్యె,
పిండి ఉడికి ముద్ద అయ్యె,
తాత బొజ్జ చల్లనయ్యె,
కథ నడిచి కంచి చేరె,
మనకి మన ఇల్లు చాలె,
నీ కంటికి నిద్ర వాలె.