ఓబులేసు పూచీ

అనగనగా, కృష్ణమ్మ నల్లని కొండల నడుమ మలుపు తిరిగే చోట, గుండ్లరేవు అనే ఊరు ఉండేది. అక్కడ ఏరు దాటాలంటే పడవలు లేవు, పుట్టీలే ఉండేవి. వెదురు బద్దలతో పెద్ద బుట్టలా అల్లి, పైన తోలు బిగిస్తే అదే పుట్టి. తెడ్డు వేసేవాడి మీద నమ్మకం ఉంటేనే మనుషులు అందులో కాలు పెడతారు. నడి ఏట్లో పుట్టి గిర్రున తిరిగిందంటే ఈత వచ్చినవాడికైనా దిక్కు తోచదు మరి.

ఆ రేవులో ఓబులేసు అని ఒక పుట్టివాడు. వయసులో ఉన్నవాడు, ఒళ్లు వంచి పనిచేసేవాడు. అయినా అతని పుట్టి ఎవరూ ఎక్కేవారు కాదు.

కారణం అతని తండ్రి గిడ్డయ్య. గిడ్డయ్య జనాన్ని నడి ఏట్లోకి తీసుకుపోయి, "మూటలిస్తారా, పుట్టి తిప్పేయమంటారా?" అని బెదిరించి దోచుకునేవాడు. సంగతి తెలిసి రాజుగారు అతణ్ని దేశం దాటించారు. మనిషి పోయాడు గానీ, చెడ్డపేరు మాత్రం ఇంటి చూరు పట్టుకుని వేలాడింది. "పులి కడుపున పులే పుడుతుంది" అని ఊరంతా ఓబులేసును చూసి తప్పుకునేది.

రేవులో ఇంకో పుట్టివాడు జంబులయ్య. అతని పుట్టి పెద్దది, దానికి రంగుల జెండా. పక్కన ఒకణ్ని కూర్చోబెట్టి డప్పు కొట్టించేవాడు. "జంబులయ్య పుట్టి, రాతికన్న గట్టి!" అని ఆ డప్పు పొద్దస్తమానం మోగేది. ఆ మోత కోటలో రాజుగారి చెవిదాకా పోయింది.

ఓబులేసు భార్య మద్దమ్మ ఒకనాడు విసిగిపోయి అంది. "ఏమయ్యా, ఇంకెన్నాళ్లు ఈ చేపలు పట్టుకుని బతకడం? మనల్ని ఎరగని రేవుకు పోదాం పద."

"పోయిన చోటికి మన నీడ రాదా మద్దమ్మా?" అన్నాడు ఓబులేసు. "కొండమీద నరసింహస్వామి ఉన్నాడు. ఆయనకు మనమెవరమో తెలుసు. నాకది చాలు."

రోజూ తెల్లవారగానే అతను ఏట్లో మునిగి, కొండవైపు తిరిగి దండం పెట్టేవాడు. "స్వామీ, నా తెడ్డు తప్పుదారి పట్టకుండా చూడు." అంతే అతని మొక్కు. ఆపైన ఖాళీ పుట్టి పక్కన కూర్చునేవాడు.

ఒకరోజు ఒక కూలీ తన కూతుర్ని భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. పిల్లకు అమ్మవారు పోసింది. ఒళ్లు నిప్పులా కాలుతోంది. వైద్యుడు అవతలి ఒడ్డున ఉన్నాడు.

జంబులయ్య ఆమడ దూరం జరిగి, "అమ్మవారు ఎక్కిన పుట్టిలో మళ్లీ ఎవరెక్కుతారప్పా? పో, పో!" అన్నాడు.

కూలీ ఓబులేసు వైపు చూశాడు. చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. గిడ్డయ్య కొడుకు కదా!

"అన్నా, నన్ను నమ్మకపోతే పోనీ, పిల్లను చూడు. ఎక్కు," అన్నాడు ఓబులేసు. ఎండకు తన పైగుడ్డ తీసి పిల్ల మీద కప్పాడు. సుడులు తప్పిస్తూ, పుట్టి కుదుపు లేకుండా అవతలికి చేర్చాడు. పిల్ల బతికింది.

బతికితే ఏం? ఓబులేసుకు మేలు జరగలేదు సరికదా, కీడే జరిగింది. పుట్టిని పసుపునీళ్లతో కడిగి, వేపమండలు కట్టినా ఎవరూ దాని దరికి రాలేదు. "నిన్నటిదాకా దొంగ పుట్టి, ఇప్పుడు రోగం పుట్టి కూడానా!" అని నవ్వారు. మద్దమ్మ ఏడ్చింది. ఆ రాత్రి ఓబులేసు కూడా అన్నం సరిగా తినలేదు. కానీ తెల్లవారగానే మళ్లీ ఏట్లో మునిగి కొండకు దండం పెట్టాడు.

కొన్నాళ్లకు ఏటికి కొత్త నీరు వచ్చింది. జంబులయ్య ముగ్గురిని ఎక్కించుకుని పోతుంటే, పుట్టి నీళ్లలోని ఒక పెద్ద రాతిగుండుకు కొట్టుకుంది. జంబులయ్య తెడ్డు వదిలేసి గుండు మీదికి దూకాడు. ముగ్గురితో సహా పుట్టి సుడిలో పడి తిరగసాగింది.

వల వేస్తున్న ఓబులేసు అది చూశాడు. వల అక్కడే వదిలి, తన పుట్టిని సుడి అంచుకు తోలి, తాడు విసిరాడు. నీళ్లలోకి దూకి, మునిగిపోబోతున్న వాళ్లను ఒక్కొక్కరినే పట్టి లాగాడు. ముగ్గురినీ ఒడ్డుకు చేర్చి, మళ్లీ వెనక్కి పోయి గుండు మీద వణుకుతున్న జంబులయ్యనూ తెచ్చాడు.

ఒడ్డు చేరాక జంబులయ్య వణుకు ఆగింది. మర్నాడు డప్పు ఇలా మోగింది: "గుండు మీద నిలిచి ముగ్గురిని కాచిన వీరుడు జంబులయ్య!"

మద్దమ్మకు ఒళ్లు మండిపోయింది. "నీకు నోరు లేదా? పోయి నిజం చెప్పరాదా?"

"మునిగేవాళ్లు తేలారు గదా. నేను దూకింది అందుకే," అన్నాడు ఓబులేసు.

అతను చెప్పలేదు గానీ, చెప్పే మనిషి ఇంకొకరు ఉన్నారు. ఆ ముగ్గురిలో గాజుల కొండమ్మ ఒకతె. ఊరూరా తిరిగి గాజులు తొడిగే మనిషి. గాజు ఎక్కించేటప్పుడు ఆడవాళ్లు చెయ్యి కదపకూడదు. అందువల్ల కొండమ్మ చెప్పే కథ మొదటినుంచి చివరిదాకా విని తీరాలి. "నన్ను బతికించింది ఓబులేసు తల్లీ! జంబులయ్య గుండెక్కి కప్పలా కూర్చున్నాడు," అని ఆమె ఇంటింటా చెప్పింది. కూలీ కూతురి సంగతీ చెప్పింది. ఏటి నడుమ లంకలో ఉన్న పల్లెలోనూ చెప్పింది. మొదట ఒకరు, తర్వాత ఇద్దరు, అలా ఓబులేసు పుట్టి ఎక్కడం మొదలుపెట్టారు.

ఆ ఏడు శ్రావణంలో ఎన్నడూ లేనంత వరద వచ్చింది. లంక పల్లెను నీళ్లు చుట్టేశాయి. ఇళ్లు మునుగుతున్నాయి. ఆడామగా, పిల్లాజెల్లా మిట్ట మీదికి చేరి కేకలు వేస్తున్నారు. రాజుగారు స్వయంగా ఒడ్డుకు వచ్చి, "జంబులయ్యను పంపండి" అన్నారు. పేరు విన్నది అతనిదే కదా.

జెండా కట్టిన పెద్ద పుట్టి మిట్టకు చేరింది. ఒక్కరూ కదలలేదు. తల్లులు పిల్లల్ని మరింత గట్టిగా పట్టుకున్నారు. వెనకే వచ్చిన ఓబులేసు చిన్న పుట్టిని చూడగానే మాత్రం అందరూ ఒక్కసారి ముందుకు వచ్చారు. ఒక బాలింత తన పసిగుడ్డును అతని చేతుల్లో పెట్టేసింది.

"చంటిబిడ్డల తల్లులు ముందు!" అని ఓబులేసు ఒక దఫా దాటించి వచ్చాడు. ఈలోగా నీళ్లు మిట్ట నడుముకు ఎక్కాయి. తన పుట్టితో అందరినీ చేర్చేలోగా సగం మంది ఏటిపాలవుతారని అతనికి అర్థమైంది. పెద్ద పుట్టి ఇంకా ఖాళీగానే ఉంది. జంబులయ్య తల వంచుకుని కూర్చున్నాడు. డప్పు ఎప్పుడో మూగబోయింది.

ఓబులేసు గట్టిగా అన్నాడు. "అయ్యల్లారా, అమ్మల్లారా! జంబులయ్య పుట్టి ఎక్కండి. ఈ ఏటిలో అతనంత నేర్పుగా తెడ్డు వేసేవాడు లేడు. అతను మిమ్మల్ని వదిలి దూకడు. నాది పూచీ!"

జంబులయ్య తల ఎత్తాడు. తెడ్డు చేతికి తీసుకున్నాడు.

పల్లెకు పెద్దదైన బాలమ్మవ్వ చేతికర్ర పుట్టిలోకి విసిరి, "ఓబులేసు పూచీ పడినాడు, ఇంకేం కావాల! ఎక్కండి!" అంటూ తనే ముందు ఎక్కింది. ఆమె వెనక అందరూ ఎక్కారు.

రెండు పుట్టీలూ పక్కపక్కనే సాగాయి. నడి ఏట్లో ఒక మాను కొట్టుకొచ్చి పెద్ద పుట్టికి తగిలింది. పుట్టి ఒక్క తిరుగు తిరిగింది. జంబులయ్య పళ్లు బిగబట్టి, పుట్టి అంచుకు కాలు తన్నిపెట్టి, తెడ్డు వదలకుండా నిలిచాడు. అరచేతులు చిట్లి నెత్తురు కారింది. పొద్దు వాలేలోగా లంకలో ఒక్కరూ మిగిలిపోకుండా అందరూ క్షేమంగా ఒడ్డు చేరారు.

అంతా చూసిన రాజుగారికి ఆశ్చర్యం కలిగింది. ఇద్దరినీ పిలిపించారు.

జంబులయ్య ఆయన కాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ, తమరు విన్న డప్పు అబద్ధం. ఆనాడు ముగ్గురిని నీళ్లపాలు చేసి దూకినవాణ్ని నేనే. ఈనాడు ఇతను తన మంచిపేరు నాకు అరువిచ్చాడు. దాన్ని ముంచలేక తెడ్డు పట్టుకున్నాను," అన్నాడు.

రాజుగారు ఓబులేసును రేవుకు పెద్దగా నియమించారు. "నీ తండ్రి సంగతి నాకు తెలుసు. అంత చెడ్డపేరు మీద ఇంత మంచిపేరు ఎలా కట్టావోయ్?" అని అడిగారు.

ఓబులేసు చేతులు జోడించాడు. "నేనేమీ కట్టలేదు ప్రభూ. స్వామిని నమ్మి తెడ్డు వేసుకుంటూ పోయాను. ఆ పేరును ఈ జనమే ఎప్పుడో నా వెనక పుట్టిలో ఎక్కించినట్టున్నారు. నేను తిరిగి చూళ్లేదు."

పక్కనే ఉన్న మద్దమ్మ, అందరి ముందూ ఉన్నానని మరిచి, పకపకా నవ్వింది. రాజుగారూ నవ్వారు.

పిల్లలూ, డప్పు కొట్టి తెచ్చుకున్న పేరు మోత ఆగితే పోతుంది. దేవుణ్ని నమ్మి, సాటివారికి సాయపడి తెచ్చుకున్న పేరు, మనతోపాటు పదిమందినీ ఒడ్డుకు చేరుస్తుంది.