చేత్తో నేర్చిన ఇంగ్లీషు

అనకాపల్లి దగ్గర బెల్లం వండే బొడ్డేడ వారింట్లో ఉన్నది నలుగురు మనుషులు, నాలుగు ఊళ్ళకి సరిపడా తెలివి. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే చెప్పుకుంటారు. ఇంటిపెద్ద సన్యాసినాయుడు, ఆయన భార్య వరాలమ్మ, తమ్ముడు పైడినాయుడు, కూతురు నూకరత్నం. "సేత్తో సెయ్యనిది సదువే కాదు" అన్నది ఆ ఇంటి సూత్రం. పాకం ముదిరిందో లేదో పుస్తకం చూస్తే తెలుస్తుందా? నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ చేస్తే తెలుస్తుంది. బెల్లం విషయంలో అది నూటికి నూరుపాళ్ళూ నిజం. వచ్చిన చిక్కల్లా ఆ సూత్రాన్ని ఇంగ్లీషుకి కూడా పట్టించడం వల్లే వచ్చింది.

రత్నం నర్సు. అది సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఐర్లాండులో ఒక ఆసుపత్రి వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. కాకపోతే ముందు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలన్నారు. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆ బెంగతో పిల్ల వారం రోజులుగా సరిగా అన్నం తినడం లేదు, పాపం.

కోచింగు మాస్టారు ఒక కాగితం ఇచ్చి, "ఇవి ఇంగ్లీషు వాళ్ళ జాతీయాలు. అర్థాలు వెనక ఉన్నాయి. మాటల్లో వాడితే మార్కులు పడతాయి" అన్నాడు. ఇంటికి తెచ్చిందే తడవు, సన్యాసినాయుడు దాని వెనక ఇంత పాకం రాసి, అందరికీ కనబడేలా గోడకి అంటించేశాడు. పాకం ఆరితే రాయే. ఇంకేముంది, అర్థాలన్నీ గోడ పాలయ్యాయి.

"అర్తాలు ఎనకున్నాయన్నారు నానా" అంది రత్నం.

నలుగురూ వెనక్కి తిరిగి చూశారు. అక్కడ గేదె నెమరేస్తోంది.

"అది సెప్పేదాకా ఎవులు కూకుంటారు? మనవే సేసి తెలుసుకుందాం" అన్నాడు పైడినాయుడు.

మొదటిది 'హిట్ ద బుక్స్'. పుస్తకాల్ని కొట్టడం అని రత్నం మాటకి మాట తెలుగు చెప్పింది. అంతే, తలా ఒక చెరుకుగడ అందుకున్నారు.

"పాసవ్వాలంటే ఎన్ని దెబ్బలు కొట్టాలంటావు?" అని అడిగింది వరాలమ్మ.

"ఓ అరవై కొట్టు వదినా. తక్కువైతే మళ్ళీ తప్పీగలదు" అన్నాడు పైడినాయుడు.

అరవై దెబ్బలకి నర్సింగు పుస్తకం అట్ట గుమ్మంలో పడింది, గుండెకాయ బొమ్మ గేదె ముందు పడింది. చదువు బయటికొస్తోందని వరాలమ్మ మురిసిపోయింది.

రెండోది 'బ్రేక్ ది ఐస్'. చేపల బండివాణ్ణి బతిమాలి గోనెలో చుట్టిన ఐసు దిమ్మ తెచ్చారు. నేలమీద పగలగొడితే మట్టి అంటుతుంది, పిల్ల చదువుకి శుభ్రమైన చోటు ఉండాలి. ఇంటి మొత్తానికి శుభ్రమైన చోటు బెల్లం పెనం. నిజమే కానీ, అందులో మూడు గంటలుగా పాకం ఉడుకుతోంది. పెనానికి అడ్డంగా ఒక చెక్క పలక వేశారు, పలక మీద ఐసు పెట్టారు, పైడినాయుడు గునపం ఎత్తి ఒక్కటిచ్చాడు. ఐసు పగిలింది, పలకా పగిలింది, రెండూ పాకంలో పడ్డాయి. వరాలమ్మ వేలు ముంచి నాకి చూసి, "పానకం బాగానే ఉంది గానీ సేపల వాసనొస్తంది" అంది.

మూడోది 'లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్', అంటే సంచిలోంచి పిల్లిని వదలడం. వదలాలంటే ముందు సంచిలో పిల్లి ఉండాలి కదా. పక్కింటి గండుపిల్లిని పట్టి గోనెలో కుక్కేసరికి పూట గడిచిపోయింది. సరిగ్గా అప్పుడే, పిల్ల ఎలా చదువుతోందో చూసి పోదామని మాస్టారు వచ్చాడు.

"ఎలా ఉందమ్మా చదువు?" అన్నాడు.

"సూపిస్తాం కూకోండి" అని సన్యాసినాయుడు సంచి మూతి విప్పాడు. ఇంకేముంది, ఆ పిల్లి మాస్టారి ఒళ్ళోంచి భుజం మీదికి, భుజం మీంచి నెత్తిమీదికి పాకింది. ఆయన చెప్పుల మాట మరిచి పరుగెత్తాడు. అయినా మంచి మనిషి. బండెక్కుతూ కూడా, "రేపే పరీక్ష, బ్రేక్ ఎ లెగ్ అమ్మా" అని దీవించి మరీ వెళ్ళాడు.

కాలు విరగ్గొట్టడం. తెల్లారగానే నలుగురూ కూర్చుని ఆలోచించారు.

"పిల్లది వద్దు, బస్సెక్కాలి" అన్నాడు తండ్రి.

"నాదీ వద్దు, వంట సెయ్యాలి" అంది తల్లి.

"మంచానికి నాలుగున్నాయి. ఒకటి పోతే ఏటి?" అన్నాడు పైడినాయుడు. ఆ తెలివికి అందరికీ ఒళ్ళు పులకరించింది.

మంచం కదలకుండా సన్యాసినాయుడు దానిమీద కూర్చున్నాడు. పైడినాయుడు గొడ్డలితో వేశాడు. మంచం కాలు విరిగింది, మంచం ఒరిగింది, కింద పడి సన్యాసినాయుడి కాలూ విరిగింది. "రెండిరిగాయి. ఇక పాసే" అని ఆయన అంత బాధలోనూ నవ్వాడు. రత్నం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే రెండు చెరుకుముక్కలు దన్ను పెట్టి, తల్లి చీర అంచుతో కట్టు కట్టి, బస్సుకి పరుగెత్తింది.

పరీక్షలో ప్రశ్నలడిగే దొరసాని, "ఈ వారం మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పు" అని అడిగింది. అబద్ధం చెప్పడం రత్నానికి చేతకాదు. పుస్తకాల్ని కొట్టడం దగ్గర్నుంచి నాన్న కాలు విరగడం దాకా ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చేత్తో చేసింది కదా, నోరు ఎక్కడా తడబడలేదు. ఇన్ని జాతీయాలు ఇంత సహజంగా వాడిన పిల్లని చూడలేదని దొరసాని మార్కులు దోసిళ్ళతో పోసింది.

రత్నం పాసైంది. ఒక్కసారి ఫోనులో మాట్లాడి ఉద్యోగం ఖాయం చేస్తామని ఆసుపత్రి వాళ్ళు కబురు పెట్టారు. ఇంట్లో పండగే. కానీ మార్కుల కాగితం చివర ఒక ముక్క రాసి ఉంది. ఈ మార్కులు రెండేళ్ళే చెల్లుతాయట. అది చదివి వినిపించగానే సన్యాసినాయుడి మొహం వాడిపోయింది.

"అంటే దీని ఇంగ్లీషు రెండేళ్ళకి మించి నిలవుండదన్నమాట. కుండలో బెల్లవైనా అంతే, ఊరికే మూత తీసి వాడీస్తా ఉంటే ఇంకా తొరగా అయిపోతాది. అమ్మీ, అక్కడ దిగీదాకా ఒక్క ఇంగ్లీసు ముక్క మాటాడకు. అంతా ఇక్కడే అవగొట్టీసి ఎల్తే రోగులతో ఏటి మాటాడతావు?"

రత్నానికి ఆ మాట న్యాయంగా తోచింది. అంత కష్టపడి సంపాదించిన ఇంగ్లీషు మరి. ఆ రోజు నుంచి బస్సుని కూడా బస్సు అనడం మానేసి, "అదిగో, అదొస్తంది" అనేది.

నాలుగో రోజున ఆసుపత్రి నుంచి ఫోను మోగింది. తెర మీద పెద్ద నర్సమ్మ కనబడి, "హలో నూకరత్నం" అంది. రత్నం పెదవులు గట్టిగా బిగించి దణ్ణం పెట్టింది. ఆవిడ మళ్ళీ హలో అంది, ఏదో అడిగింది, ఇంకేదో అడిగింది. రత్నం చిరునవ్వు చెదరనివ్వలేదు.

అప్పుడు సన్యాసినాయుడు కర్ర ఊతంతో లేచి ఫోను అందుకున్నాడు. "తల్లీ, మా పిల్ల దగ్గర ఇంగ్లీషు నిండుగా ఉంది, బెంగెట్టుకోకు. అక్కడికొచ్చినాక నీ ఎదరే మూత తీస్తాది" అన్నాడు. పాపం, ఆవిడ ఇంగ్లీషు మాత్రం ఎందుకు వృథా కావాలని వెంటనే ఫోను పెట్టేశాడు.