ఉప్పుచూపుల కోన

నల్లమల తూర్పు అంచున రెండు గుట్టలు ఒకదానికొకటి భుజం ఆనించుకున్నట్టు నిలబడిన చోట ఉప్పుచూపుల కోన ఉంది. బస్సు దిగాక మెట్లు లేవు. గాడిదల గిట్టలకు అరిగిన బండల బాటే ఇప్పటికీ దారి. పైకి చేరితే ఒక గుహ, దాని కప్పు నల్లగా నిగనిగలాడుతూ కనిపిస్తాయి. ఆ నలుపు రాతిది కాదు, తరాల తరబడి పట్టిన పొగది. గుహలో కోనమ్మ తల్లి ఉంటుంది. ఆమె ఎదుట దీపం కంటే ముందు పొయ్యి కనబడుతుంది.

గుహ బయట నడిఎండలో రెండు విగ్రహాలు ఒకే విస్తరి ముందు కూర్చుని ఉంటాయి. మగమనిషి పక్కన గరిటె ఉంది. చేతిలో ముద్ద ఉంది, ఆ చేయి నోటిదాకా వచ్చి ఆగింది. ఈ విగ్రహం ఎవరూ చెక్కినది కాదని పెద్దలంటారు. పక్కన కూర్చున్న ఆడమనిషి విగ్రహం చెక్కినదే, ఉలి గుర్తులు కనబడతాయి.

మిగతా గుళ్ళలో నైవేద్యం వండేవారు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంటారు. దేవుడికంటే ముందు వాసన చూసినా దోషమంటారు. ఇక్కడ మాత్రం తల్లికి పెట్టకముందే ఒక మనిషి గుండిగలోది నోట్లో వేసుకుని ఉప్పు చూడాలి. చూసినవారు "ఒక్క రాయి తక్కువైంది" అనాలి. కొత్తగా వచ్చినవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. దేవతకు ఎంగిలి పెడతారా అని అడుగుతారు. అలా అడిగినవారికి ఇక్కడివారు చెప్పే కథ ఇది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. సముద్రం నుంచి పడమటి సీమకు ఉప్పు మోసే దారి మాత్రమే ఉండేది. ఈ కోన దాటితే మళ్ళీ రెండు రోజులదాకా నీళ్ళు దొరకవు. అందుకని ఏ కాలంలోనో ఎవరో ఈ గుహలో అన్నసత్రం పెట్టారు. పెట్టినవారి పేరు మిగలలేదు. వండినవాడి పేరు మిగిలింది. అతను కంబయ్య.

కంబయ్య ఎండలోకి వచ్చేవాడు కాదు. గుహ వాకిట అడ్డంగా ఒక రాతిగోడ కట్టుకున్నాడు. వండిన గుండిగలను గోడ సందులోంచి బయటికి తోసేవాడు. వడ్డించుకోవడం తినేవాళ్ళ పని. ఎవరైనా లోపలికి తల పెడితే తెడ్డు విసిరేవాడు. "తినటానికొచ్చారా, నన్ను చూడటానికొచ్చారా?" అని అరిచేవాడు.

అతని చేతి కొర్రన్నం ఏ మెతుక్కా మెతుకు విడివిడిగా ఉండేది. ఉలవచారు వాసన కోన మొదట్లోనే నడిచేవాణ్ణి పట్టుకునేది. ఉప్పు మాత్రం ఒకనాడు అసలు ఉండేది కాదు, ఒకనాడు నోట్లో పెట్టనిచ్చేది కాదు. తినేవాళ్ళు నోరెత్తేవారు కాదు. ఊరికే పెట్టే అన్నానికి వంక పెట్టే ధైర్యం బీదవాడికి ఉండదు. ఆ ధైర్యం లేకుండా చేయడమే దానమని అనుకునేవాళ్ళు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు.

ఆ దారిన నాంచారి నాలుగు గాడిదలతో ఉప్పు తెచ్చేది. మొదట్లో భర్తతో కలిసి వచ్చేది. అతను విషజ్వరంతో దారిలోనే పోతే దారి పక్కనే పూడ్చిపెట్టి, ఉప్పు బస్తాలను తానొక్కతే చేరవలసిన చోటికి చేర్చిన మనిషి ఆమె. అలాంటి మనిషి ఎవరికి భయపడుతుంది? సత్రంలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు లేదు" అంది పైకే.

పక్కనున్న ముసలాయన ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకో తల్లీ, వింటాడు."

"వినాలనే అన్నా. ఏమయ్యా వంటాయనా, నాలుగు గాడిదల ఉప్పు నీ వాకిట్లో నిలబడి ఉంది. నువ్వు పెట్టేది చప్పిడి కూడు. ఉప్పూకారం తినే మనిషివేనా నువ్వు?"

లోపల తెడ్డు చప్పుడు ఆగింది.

"కాదు" అన్నాడు కంబయ్య.

పంక్తిలో అందరూ నవ్వారు. నాంచారీ నవ్వింది. ఆ మాట ఉన్నదున్నట్టు నిజమని ఆమెకు అప్పుడు తెలియదు.

ఆమె దోసెడు ఉప్పు తీసుకుని గోడ దాటి లోపలికి వెళ్ళింది. తెడ్డు ఆమె చెవి పక్కనుంచి వెళ్ళి గోడకు తగిలింది. దాన్ని తీసుకొచ్చి అతని చేతికే ఇచ్చింది. ఎదురుగా పొడుగాటి మనిషి, ఒలిచిన వెల్లుల్లి రంగులో, ఎండ ఎరగని ఒంటితో నిలబడి ఉన్నాడు. ఆమె గుండిగలో ఉప్పు వేసి కలిపింది.

"ఎంతేశావు?"

"చేతికి తోచినంత. నువ్వే చూడు."

కంబయ్య గుండిగ వైపు కాక నేలవైపు చూశాడు. "నేను చూడలేను" అన్నాడు. దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా చెప్పాడు. "పప్పు ఉడికితే నాకు వినపడుతుంది. మాడబోయే ముందే వాసన తెలుస్తుంది. ఉప్పుకు చప్పుడు లేదు, వాసన లేదు. ఎట్లా చూడను? నువ్వు చూడు."

ఆమె చూసింది. సరిపోయిందని చెప్పింది. ఆ పూట విస్తళ్ళలో మెతుకు మిగలలేదు.

ఆ తరువాత నాంచారి వచ్చిన ప్రతిసారీ ఒక రోజు ఎక్కువ ఆగేది. రెండో ఏట నెలల తరబడి ఆగింది. మూడో ఏట గాడిదలను తన చెల్లెలికి ఒప్పజెప్పి ఉండిపోయింది. వాళ్ళిద్దరి మధ్య మంచిమాట విన్నవాళ్ళు లేరు. "నీ కడియాల చప్పుడు ఆపు, పప్పు వినపడటం లేదు" అని అతను విసుక్కునేవాడు. "పప్పుతోనే కాపురం చెయ్యి అయితే" అని ఆమె అనేది. అయినా గుండిగ అడుగున ఎర్రగా వేగిన మాడు ఆమెకిష్టమని తెలిశాక, కంబయ్య రోజూ ఒక గుండిగను కావాలని అడుగంటనిచ్చేవాడు. అడిగితే, పొయ్యి మంచిది కాదనేవాడు.

బాటసారులు గుహలోని కోనమ్మకు మేకను కోసినప్పుడల్లా ఒక రాతిగిన్నె నిండా నెత్తురు పట్టి గోడమీద పెట్టేవారు. అది తల్లికని నాంచారి అనుకునేది. ఒకరోజు కంబయ్య ఆమెకు వీపు తిప్పి ఉలవలు ఏరుతూ, అడక్కుండానే చెప్పాడు. ఎప్పుడో, తాతల నాటి యుద్ధంలో, అతను సైన్యానికి వంటవాడుగా వెళ్ళాడు. దెబ్బతిని శవాల కింద మూడు రోజులు పడి ఉన్నాడు. దాహానికి ఆగలేక పక్కన పారుతున్నది తాగాడు. చావు అతన్ని దాటి వెళ్ళిపోయింది. ఆనాటినుంచి నెత్తురు తప్ప ఏదీ గొంతు దిగలేదు, ఎండ పడితే ఒళ్ళు కాలింది. దారిలో ఎదురైన ఒక బైరాగి అతనితో, "అన్నంలోని ఉప్పు నాలుకకు తగిలిననాడు నువ్వు మళ్ళీ మనిషివవుతావు. నీ వయసుకు మనిషి ఎంతసేపు ఉంటాడో నువ్వే ఆలోచించుకో" అన్నాడు. అందుకే అతను వండిన చేతి వేలు కూడా నోటి దగ్గరికి పోనిచ్చేవాడు కాదు.

"ఇక వెళ్ళిపో" అన్నాడు చివర్న.

నాంచారి చేట తీసుకుని అతని ఎదుట కూర్చుంది. "నెత్తురు తాగేవాళ్ళను నేను చూడలేదనుకున్నావా? మా ఉప్పుమళ్ళ దగ్గర సుంకంవాళ్ళు పట్టపగలే తాగుతారు. వాళ్ళెవరూ తిరిగి నాకు అన్నం పెట్టలేదు. జరుగు, రాళ్ళన్నీ వదిలేస్తున్నావు."

ఆ తరువాత వరసగా రెండేళ్ళు వానలు లేవు.

కరువు అంటే ఏమిటో చూడనివారికి చెప్పడం కష్టం. చెట్ల బెరడు వండుకున్నారు. తినగలిగినన్నాళ్ళు మేకల్ని తిన్నారు, తరువాత మేకలు లేవు. కోనకు వచ్చేవారి వరస గుట్ట మలుపు దాటింది. కొర్రలు జావగా మారాయి, జావ నీళ్ళుగా మారింది. అయినా పొయ్యి ఆరలేదు. కోయడానికి మేక లేదు కనుక గోడమీద గిన్నె ఖాళీగా ఉంది. కంబయ్య ఆకలి రోజురోజుకూ పెరిగింది. వరసలో పిల్లలు దగ్గరికొస్తే అతను గుహ లోపలి కొసకు వెళ్ళి గోడకు ముఖం పెట్టి నిలబడేవాడు.

ఒక ఉదయం గిన్నె మళ్ళీ నిండింది. అవతలి గూడెంలో ఇంకా మేకలున్నాయని నాంచారి చెప్పింది. ఆమె మోచేతికి మసిగుడ్డ చుట్టి ఉంది. గుండిగ తగిలి కాలిందని చెప్పింది. గిన్నె రోజూ కొద్దికొద్దిగా నిండుతూ వచ్చింది. మసిగుడ్డ రెండో చేతికీ వచ్చింది. ఆమె తన జావ పిల్లలకు పోసేసి, తాగానని చెప్పేది. అలా నెల గడిచింది.

ఒక మధ్యాహ్నం చివరి కొర్రలు పొయ్యిమీద ఉన్నాయి. బయట రెండు వందలమంది కూర్చుని ఉన్నారు. నాంచారి గరిటె ఎత్తి నాలుకకు తగిలించుకుంది. మళ్ళీ తగిలించుకుంది. గరిటె జారి పడింది. ఆమె గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"ఉప్పు తెలియడం లేదు కంబయ్యా" అంది.

కంబయ్య వచ్చి ఆమె చేతి మసిగుడ్డ విప్పాడు. మోచేతినుంచి మణికట్టుదాకా కోతలున్నాయి.

"మొదటి రోజే తెలిసింది నాకు" అన్నాడు. "మేకది ఏదో, నీది ఏదో తెలియనివాణ్ణా? తెలిసే తాగాను. తెలియనట్టు ఊరుకున్నాను."

"నీకు తెలిసిందని నాకూ తెలుసు."

"మరెందుకు పోశావు?"

"నువ్వు పడిపోతే వీళ్ళకు వండేదెవరు?"

"అబద్ధం."

"అవును" అంది నాంచారి. "అబద్ధమే."

ఆకలి ఎంత మంచివాణ్ణయినా ఇలా చేస్తుంది. కళ్ళ ముందు మనిషి కరిగిపోతున్నా, మేకే అనుకోమంటుంది. కంబయ్య ఒక నెల అనుకున్నాడు. ఆనాడు మానుకున్నాడు. ఇంకొక్క గిన్నె తాగితే ఆమె ఉండదు. ఆమె పోయాక తన ఆకలి వాకిట్లోని వరసను చూస్తుంది. ఆ రెండూ అతనికి స్పష్టంగా కనబడ్డాయి.

అతను పడిపోయిన గరిటె తీసి కడిగాడు. "ఈపూట ఉప్పు నేను చూస్తాను" అన్నాడు.

నాంచారి లేవబోయింది. కాళ్ళు లేవలేదు. అతని పంచె చెంగు పట్టుకుంది. "చప్పిడిగానే పెడదాం. ఎవరూ ఏమీ అనరు."

"నువ్వన్నావుగా" అన్నాడు కంబయ్య. గరిటె నోట్లో పెట్టుకున్నాడు.

కొంతసేపు ఏమీ జరగలేదు. అతని ముఖంలోకి రంగు మెల్లగా వచ్చింది, పొయ్యిలో ఊదితే నిప్పు వచ్చినట్టు. అతను కనుబొమలు ముడిచాడు.

"ఒక్క రాయి తక్కువైంది."

రెండు వందలమంది గుండిగకు ఒక్క రాయి. నాంచారి ఏడుస్తూనే నవ్వింది. కొంగున కట్టుకున్న ఉప్పులోంచి ఒక్క రాయి తీసి ఇచ్చింది. అతను వేసి, కలిపి, మళ్ళీ చూశాడు.

"సరిపోయింది."

ఆ గుండిగను ఆనాడు గోడ సందులోంచి తోయలేదు. కంబయ్య గోడ రాళ్ళు తోసేసి, గుండిగ ఎత్తుకుని ఎండలోకి వచ్చాడు. ఒళ్ళు కాలలేదు. తానే తిరిగి అందరికీ వడ్డించాడు. అందరికీ అయ్యాక లోపలికి వెళ్ళి నాంచారిని ఎత్తుకొచ్చి పంక్తి చివర కూర్చోబెట్టి, ఆమె ముందు విస్తరి వేసి, గుండిగ అడుగున మిగిలింది గీకి పెట్టాడు. అది మాడే. ఆమె పక్కనే కూర్చుని ఆ విస్తట్లోనే చేయి పెట్టాడు.

మొదటి ముద్ద మింగాడు. "ఇంత బాగా వండుతానని ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదేం?"

"ఎవరినైనా చెప్పనిచ్చావా?" అంది నాంచారి.

కంబయ్య రెండో ముద్ద కలిపి నోటిదాకా తెచ్చుకున్నాడు. ఆ చేయి అక్కడే ఆగింది. చూస్తుండగానే వేళ్ళు, భుజం, ముఖం రాయి అయ్యాయి. పంక్తిలో ఎవరూ లేవలేదు. విస్తట్లో మిగిలినదాన్ని నాంచారి మెతుకు వదలకుండా తిన్నది. మర్నాడు గడ్డలూ ఆకులూ తెప్పించి పొయ్యి తానే వెలిగించింది. తొమ్మిదో రోజున వాన పడింది. ఆమె ముసలిదై కన్నుమూసేదాకా ఆ పొయ్యి దగ్గరే ఉంది. రోజూ గుండిగలో ఒక్క రాయి తక్కువ వేసి, రాతిమనిషి దగ్గరికి గరిటె తీసుకెళ్ళి చూపించి, ఆ తరువాత ఆ రాయి వేసేదట. ఆమె పోయాక ఇక్కడివారు ఆమె రూపం చెక్కించి అతని పక్కన కూర్చోబెట్టారు.

చాలాకాలం తరువాత, పూజకు కొత్తగా వచ్చిన ఒకాయన ఎంగిలి దోషమని ఉప్పు చూడటం మాన్పించాడు. మూడు రోజులు నైవేద్యం చీమ కూడా ముట్టలేదు. నాలుగో రోజు ఆయన మధ్యాహ్నపు కునుకులో ఉండగా చెవి పక్కనుంచి ఏదో విసురుగా వెళ్ళింది. "ఉప్పు చూడకుండా పెడితే ఎవరు తింటారయ్యా?" అన్న గొంతు వినిపించింది. లేచి చూస్తే గుహలో ఉండవలసిన తెడ్డు ఆయన ఇంటి గోడ పక్కన పడి ఉంది. సాయంత్రానికల్లా ఆయనే గరిటె పట్టుకుని ఉప్పు చూశాడు.

నేటికీ ఇక్కడ ఉప్పు చూసే పని ఆ రోజు వచ్చినవారిలో అందరికంటే ఆకలితో ఉన్నవారిది. కులం అడగరు, ఊరు అడగరు, ఎప్పుడు తిన్నావని మాత్రం అడుగుతారు. కొత్తగా పెళ్ళయినవారు వచ్చి ఒకే విస్తట్లో మాడు తింటారు. పెళ్ళిచూపులకంటే ఉప్పుచూపులు గట్టివని ఇక్కడివారు వేళాకోళంగా అంటారు, కోనకు పేరు అలాగే నిలిచింది. జ్వరాలతో నోటికి రుచి పోయినవారు ఇక్కడి ఉప్పురాయి ఒకటి తీసుకెళతారు. మేకను కోయడం ఏనాడో మానేశారు. రాతిగిన్నెను బోర్లించి ఉంచారు, దాన్ని ఎవరూ తిప్పకూడదు.

ఇంకొక నియమం ఉంది. వండినవారు పంక్తిలో కూర్చుని తినేదాకా ఇక్కడ పొయ్యి ఆర్పరు. ఇళ్ళలో అందరికీ పెట్టి చివరికి గిన్నెలు గీక్కునే తల్లులు ఈ మాట విని కాసేపు అక్కడే నిలబడిపోతారు. వారిని కూర్చోమని పిలుస్తారు.

మధ్యాహ్నం ఎండ విగ్రహాల ముఖాలమీదికి వచ్చేవేళకు గుండిగ దిగుతుంది. ఆకలిగా ఉన్నవారు ఎవరో ముందుకు వచ్చి గరిటె అందుకుంటారు. ఒక్క రాయి తక్కువైందంటారు. రాయి వేస్తారు. మళ్ళీ చూస్తారు. సరిపోయిందన్న మాట వినపడ్డాకనే గంట కొడతారు.