రాతిగవిని కాపలా ఓబిలేసు

రాజులు గట్టిగా, రాళ్ళు మెత్తగా ఉన్న కాలం అనుకోండి. అప్పుడు రాతిగవిని అని ఒక ఊరు ఉండేది. గవిని అంటే కోట వాకిలి. ఏనుగు మీద గొడుగు పట్టుకుని కూర్చున్నవాడు కూడా తల వంచకుండా లోపలికి పోయేంత పెద్ద వాకిలి. తర్వాత రాజులు పోయారు. రాజుల వెనక ఏనుగులు పోయాయి. ఏనుగుల వెనక అంగళ్ళు పోయాయి. ఆఖరికి బాట కూడా ఊరితో పొత్తు మానుకుని వాగు అవతలినుంచి పోవడం మొదలుపెట్టింది. ఇక మిగిలింది కొన్ని గడపలు, బోలెడన్ని మేకలు, ఒక ఓబిలేసు.

ఓబిలేసు గవిని కాపలావాడు. పెళ్ళాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. గవిని పక్కన రాతి కొట్టంలో ఒక్కడే వండుకుని ఒక్కడే తినేవాడు. పొద్దు గూకితే తలుపులు మూయడం ఆయన పని. మూసేముందు బయటికి తిరిగి ముమ్మారు పిలవాలి. అది తాతల నాటి ఆచారం. పిలవకుండా మూస్తే బయట మిగిలినవాడి ఉసురు ఊరికి తగులుతుందని భయం. అందుకని ఓబిలేసు నోటికి రెండు చేతులూ దొప్పలాగా పెట్టుకుని పిలిచేవాడు.

"బయట ఎవరన్నా ఉండారా? రాండి, లోపలికి రాండి."

ఒకసారి పిలిస్తే గాలి పలికేది. రెండోసారి పిలిస్తే గాలి పలికేది. మూడోసారి పిలిస్తే గాలి కూడా పలికేది కాదు. అప్పుడు తలుపు మూసి గడియ పెట్టేవాడు.

కోట గోడ ఎక్కడికక్కడ కూలిపోయింది. మేకలు వాటికి నచ్చిన సందులోంచి లోపలికీ బయటికీ తిరిగేవి. అలాంటి ఊరికి ఈయన తలుపు మూసి గడియ పెడుతుంటే జనం నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు. లోకాన్నంతా లోపలికి పిలిచే తనను ఏ ఇంటివాళ్ళూ "రా, ఒక ముద్ద తిని పో" అని పిలవరు కదా అన్నదే ఆయన బాధ. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు?

ఒక ఏడాది పెద్దకాపు కోనప్ప ఊరందరినీ కూర్చోబెట్టాడు. ఇక్కడ సరుకు కొనేవాడు లేడు, పిల్లనిచ్చేవాడు లేడు, దారితప్పి వచ్చేవాడు కూడా లేడన్నాడు. కోతలు కాగానే బండ్లు కట్టి కొత్త బాట పక్కకు పోదామన్నాడు. అందరూ తలలూపారు. ఓబిలేసు ఒక్కడే లేచి నిలబడ్డాడు.

"అయ్యా, మన ఊరు చూడనీకి మనుషులొస్తే ఉంటారా?"

"ఈ రాళ్ళను చూడనీకి ఎవరొస్తార్రా?" అన్నాడు కోనప్ప. "వస్తే ఉంటాంలే, పో."

ఆయన మాటవరసకన్నాడు. ఓబిలేసు దాన్నే పట్టుకున్నాడు. ఊరు పోతే ఇక ఆయన ఎవరిని ఎక్కడికి పిలవాలి? మర్నాడే వాగు దాటి బాట పక్కన నిలబడ్డాడు.

మొదట యాత్రికులు వచ్చారు. మా ఊళ్ళో ఏనుగులున్నాయి, రండి చూద్దురుగాని అన్నాడు. వాళ్ళు ఆశగా వచ్చి, మేకల్ని చూసి, నోటికొచ్చినట్టు తిట్టి పోయారు. తర్వాత వర్తకులు వచ్చారు. మా అంగట్లో దొరకనిది లేదన్నాడు. వాళ్ళు వచ్చి చూస్తే అంగడి అరుగు మీద ఒక ముసలమ్మ అనపకాయలు పెట్టుకుని కునుకు తీస్తోంది. వాళ్ళు పడీపడీ నవ్వి పోయారు. తిట్టినా సరే, నవ్వినా సరే, ఓబిలేసు పొద్దు గూకేసరికి వచ్చి ముమ్మారు పిలిచేవాడు. గాలి తప్ప ఎవరూ పలికేవాళ్ళు కాదు.

కోతలు దగ్గరపడ్డాయి. మూడోసారికి తోలుబొమ్మలాట వాళ్ళ బండి వచ్చింది. బండి మీద అనుమక్క అనే పెద్దామె కూర్చుని ఉంది. మీ ఊళ్ళో ఏముందన్నా అని అడిగింది. ఓబిలేసు దగ్గర అబద్ధాలు అయిపోయాయి.

"ఏమీ లేదక్కా. ఉన్నవన్నీ పోయినాయి. ఏవి యాడ ఉండేవో చూపిస్తా, వస్తావా?"

అనుమక్క బండి దిగింది. "మేం ఆడేది కూడా పోయినోళ్ళ కతలే కదన్నా. పద," అంది.

ఏనుగులు ఒరుసుకుని నున్నబడిన బండ చూపించాడు. రాణి దీపాలు పెట్టించిన గూళ్ళు చూపించాడు. శత్రువులు దిగిన రోజు గుర్రాలు తాగి ఖాళీ చేసిన తొట్టి చూపించాడు. చూపిస్తూ కథలు చెప్పాడు. ఆయన ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నేళ్ళయిందో. అనుమక్క విన్నదంతా బొమ్మల్లో పెట్టుకుంది. ఊరూరా ఆడింది. ఆట చూసినవాళ్ళకల్లా రాతిగవిని కళ్ళారా చూడాలనిపించింది.

కోతలు అయిపోయి, బండ్లు కట్టాల్సిన పున్నమి వచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచే జనం. వాగు దాటి గుంపులు గుంపులుగా వచ్చారు, అనుమక్క బొమ్మల బండి కూడా వచ్చింది. గొంతు బొంగురుపోయేదాకా ఓబిలేసు కథలు చెప్పాడు. ప్రతి ఇంట్లోనూ పొయ్యి రాజుకుంది. కట్టిన మూటలు కోనప్ప తన చేతులతోనే విప్పాడు.

పొద్దు వాలుతుండగా ముసురు పట్టింది. వెనక ఎవరైనా మిగిలిపోయారేమోనని ఓబిలేసు వాగు దాకా వెళ్ళాడు. ఇంతలో కోనప్ప, ఇంతమంది అతిథులుంటే వాకిలి బార్లా తెరిచి పెడతామా అని తలుపులు మూయించాడు. ఎవరూ పిలవలేదు. ఏళ్ళ తరబడి ఆ పిలుపు వినీ వినీ, ఆ సాయంత్రం కూడా విన్నట్టే ఉంది అందరికీ. ఎవరిని అడిగినా విన్నామనే అన్నారు.

ఓబిలేసు తడుస్తూ వచ్చి తలుపు తట్టాడు. లోపల బొమ్మలాట మద్దెల మొదలైంది. ఆ మోతలో ఆయన తట్టింది ఎవరికి వినిపిస్తుంది? కూలిన గోడ సందు నాలుగడుగుల దూరంలోనే ఉంది, మేకలాగా దూరి రావచ్చు. రాలేదు. ఎందుకు రాలేదంటే నేను చెబుతాను వినండి. జన్మంతా అందర్నీ పిలిచినవాడికి, తననూ ఒకరు పిలిస్తే లోపలికి పోవాలని ఉండదా? మూసేముందు పిలవడం ఆచారం. మరిచారు, గుర్తొస్తే పిలుస్తారు అనుకుని తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు.

తెల్లవారి కోనప్ప గడియ తీశాడు. తలుపు లోపలికి తెరుచుకుంది. దానికి ఆనుకున్న ఓబిలేసు గడప మీదికి ఒరిగాడు. ఒళ్ళు రాయిలాగా చల్లబడి ఉంది. కోనప్ప ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "ఓబిలేసూ, లోపలికి రా నాయనా," అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఊరంతా అక్కడే నిలబడి ఏడ్చింది.

ఊరు కదల్లేదు. ఆ తలుపులు ఊడదీసి, రాతిగవినికి మళ్ళీ తలుపులు పెట్టలేదు. ఇప్పటికీ జనం వచ్చి ఆ బండనూ గూళ్ళనూ తొట్టినీ చూసి పోతుంటారు. వచ్చినవాళ్ళను బంతిలో కూర్చోబెట్టి అన్నం పెడతారు. విస్తళ్ళు వేశాక కూడా వడ్డించేవాళ్ళు గరిట పట్టుకుని వాకిలి వైపు చూస్తారు. అందరికన్నా వెనక ఎవరో ఒకరు రానే వస్తారు. కాలు నొప్పివాడో, దారి తెలియనివాడో, ఎవరికీ ఏమీ కానివాడో. వాడు ఏ కులంవాడని అడగరు, ఏ ఊరని అడగరు. "ఓబిలేసు వచ్చినాడు, జరగండి," అంటారు. మొదటి ముద్ద వాడికే పెడతారు. వాడు తిన్నాకే ఊరు తింటుంది.